పత్తి చేను నుంచి విమానం దాకా: బెస్సీ కోల్‌మన్ జీవితం



మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక కింద ఇంతవరకు కొమురం భీం గురించి, సావిత్రిబాయి ఫూలే గురించి, అబ్దుల్ కలాం గురించి వచ్చాయి. ఈసారి నేను మన జి.కె. పుస్తకంలో లేని ఒకామె గురించి రాస్తున్నాను. ఆమె పేరు బెస్సీ కోల్‌మన్. అమెరికా దేశస్థురాలు. విమానం నడిపింది. విమానంలోంచి పడే చనిపోయింది. అది 1926లో.

ఈమెనే ఎందుకు తీసుకున్నానంటే, 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం లేచిన కొద్దిసేపటికే పడిపోయింది కదా. అందులో 242 మంది ఉంటే ఒక్కరే బతికారు. టీవీలో చూసినప్పటి నుంచి మన హాస్టల్ల అందరూ విమానం ఎక్కితే చచ్చుడే అంటున్నరు. నేను సైన్సు టీచర్‌ను రెండు ప్రశ్నలు అడిగాను. విమానాలు ఎందుకు పడతయి, పడితే అందరూ చస్తరా అని. టీచర్ జవాబు చెప్పి, లైబ్రరీలోంచి పుస్తకాలు తీసిచ్చింది. వాటిలో ఒక దాంట్లో బెస్సీ ఫోటో ఉంది. తోలు టోపీ, కళ్ళద్దాలు నెత్తి మీదికి పెట్టుకొని, పొడుగు బూట్లతో నిలబడి ఉంది.

బెస్సీ 1892 జనవరి 26న టెక్సాస్ రాష్ట్రంలో అట్లాంటా అనే చిన్న ఊరిలో పుట్టింది. పెద్ద అట్లాంటా నగరం వేరే రాష్ట్రంలో ఉంది, అది కాదు. తల్లి సూసన్ నల్లజాతి స్త్రీ. తండ్రి జార్జిది నల్లజాతి, అమెరికా ఆదివాసులు కలిసిన కుటుంబం. పదముగ్గురు పిల్లల్లో ఈమె పదవది. ఈమెకు రెండేళ్ళు ఉన్నప్పుడు వాళ్ళు వాక్సహాచీ అనే ఊరికి వలస పోయారు. అదంతా పత్తి పండే ప్రాంతం.

పత్తి ఎట్ల ఏరుతరో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. పగిలిన కాయ మొనలు గోళ్ళ సందుల గుచ్చుకుంటయి. సాయంత్రానికి వేళ్ళు మండుతయి. నడుముకు కట్టిన ఒడి నిండేదాక లేవరాదు. బెస్సీ అదే పని చేసింది. ఆమె చదివిన బడి నల్లజాతి పిల్లలకు మాత్రమే ఉన్న ఒకే గది బడి. ఇంటి నుంచి నాలుగు మైళ్ళు, అంటే దగ్గర దగ్గర ఆరున్నర కిలోమీటర్లు నడిచి పోయేది. పత్తి చేతికొచ్చిందంటే బడి బంద్, పిల్లలందరూ చేనుకే. మా దగ్గర బడి మూయరు గానీ పిల్లలే రారు. పోయిన ఏడు దసరా సెలవులకు ఇంటికి పోయిన నా పక్క బెంచీ పిల్ల, పత్తి అయినంక వస్త అన్నది. ఇంకా రాలేదు. ఆమె నాకంటె లెక్కలు మంచిగ చేస్తుండె.

బెస్సీకి కూడా లెక్కలు బాగా వచ్చేవి. ఇంట్లో పత్తి కూలి లెక్క ఈమెనే చూసేది.

1901లో తండ్రి ఇల్లు విడిచిపెట్టాడు. టెక్సాస్‌లో నల్లవాళ్ళకు మర్యాద లేదు, ఓటు వేయనివ్వరు, రైలు పెట్టె కూడా వేరే. ఆదివాసులకు ఇచ్చిన ప్రాంతానికి పోతే (ఇప్పుడు అది ఓక్లహోమా రాష్ట్రం) అక్కడ తలెత్తుకొని బతకవచ్చు అనుకున్నాడు. సూసన్ రాను అన్నది. ఆయన ఒక్కడే పోయాడు. తల్లి తెల్లవాళ్ళ ఇంట్లో పనికి కుదిరింది. చిన్న చెల్లెళ్ళను చూసుకునే పని బెస్సీ మీద పడింది. ఆ తండ్రి చేసింది తప్పా ఒప్పా నాకు తెలియడం లేదు. మర్యాద కోసం పోయిండు, కానీ పిల్లలను వదిలి పోయిండు.

బెస్సీ ఇతరుల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి పైసలు కూడబెట్టింది. 1910లో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో నల్లజాతి వాళ్ళ కాలేజీలో చేరింది. ఒక టర్మ్ అయ్యేసరికి పైసలు అయిపోయాయి. తిరిగి వచ్చి మళ్ళీ బట్టలే ఉతికింది. 1915లో షికాగో పట్నంలో ఉన్న అన్నల దగ్గరికి పోయింది. అక్కడ ఒక మంగలి షాపులో మగవాళ్ళ గోళ్ళు కత్తిరించి నునుపు చేసే పనిలో చేరింది.

అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆమె అన్న జాన్ సైన్యంలో ఫ్రాన్స్ పోయి వచ్చాడు. వచ్చినంక చెల్లెలిని ఎగతాళి చేసేవాడు. ఫ్రాన్స్ ఆడవాళ్ళు విమానాలు కూడా నడుపుతారు, నీతోటి ఏమైతది అని. అన్నల మాటలు ఎక్కడైనా గట్లనే ఉంటయి. బెస్సీ మాత్రం ఆ మాటను పట్టుకున్నది. అమెరికాలో విమానం నేర్పే బడులను అడిగింది. ఆడపిల్ల అని, నల్లజాతి అని ఒక్కరూ చేర్చుకోలేదు. షికాగో డిఫెండర్ అనే నల్లజాతి పత్రికను నడిపే రాబర్ట్ అబాట్, ఇక్కడ కాదు ఫ్రాన్స్ పో అని సలహా ఇచ్చాడు. మరి ఫ్రాన్స్ పోవాలంటే ఫ్రెంచి రావాలి. పొద్దంతా షాపులో పని చేసుకుంటూ ఫ్రెంచి కూడా నేర్చుకుంది.

మనం ఇంట్లో గోండి మాట్లాడి, బడిలో తెలుగు, తర్వాత ఇంగ్లీషు నేర్చుకుంటున్నం కదా. ఇరవై ఏడు ఇరవై ఎనిమిది ఏండ్ల వయసులో కొత్త భాష అంటే ఎంత కష్టమో అనిపించింది.

1920 నవంబరులో ఓడ ఎక్కింది. ఫ్రాన్స్‌లో లె క్రొటోయ్ అనే ఊరిలో కోద్రాన్ అన్నదమ్ములు నడిపే విమాన బడిలో చేరింది. ఆ కాలం విమానం ఎట్లుండేదో కొంచెం చెప్తాను. కట్టెతో చేసిన చట్రం, దాని మీద గుడ్డ, గుడ్డకు పూత, రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి, మధ్యల కట్టెలు, ఇనుప తీగలు. పైకప్పు లేదు. చేతిలో ఒక కర్ర, కాళ్ళ కింద ఒక పట్టీ, వీటితోనే తిప్పాలి. బ్రేకులు లేవు. దిగినప్పుడు తోక కింద ఉన్న చెక్క నేలను గీరుకుంటూ పోతేనే ఆగుతుంది. అట్లాంటి విమానం ఒకటి కూలి తోటి విద్యార్థి చనిపోవడం బెస్సీ కళ్ళారా చూసింది. ఇది చదివినంక నేను ఆ రోజుకు పుస్తకం మూసి పెట్టిన. ఆమె మాత్రం మర్నాడు కూడా నేర్చుకోవడానికి పోయింది.

1921 జూన్ 15న ఆమెకు అంతర్జాతీయ పైలట్ లైసెన్సు వచ్చింది. నల్లజాతి స్త్రీలలోను, అమెరికా ఆదివాసీ స్త్రీలలోను పైలట్ లైసెన్సు పొందిన మొదటి మనిషి ఈమెనే. మన జి.కె. పుస్తకంలో అమేలియా ఇయర్‌హార్ట్ పేరు ఉంది. ఆమెకు అదే లైసెన్సు 1923లో వచ్చింది. అంటే బెస్సీ రెండేళ్ళు ముందు.

లైసెన్సు వచ్చింది గానీ పని ఏది? అప్పుడు ఇప్పటిలాగా ప్రయాణికుల విమానాలు లేవు. పైలట్లు జనం ముందు ఆకాశంలో విన్యాసాలు చేసి టికెట్ డబ్బులతో బతికేవాళ్ళు. అది నేర్చుకోవడానికి 1922లో మళ్ళీ యూరప్ పోయి వచ్చింది. 1922 సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర కర్టిస్ మైదానంలో మొదటి ప్రదర్శన ఇచ్చింది. తర్వాత షికాగోలో విమానాన్ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పింది, గిరికీలు కొట్టించింది.

ఆమె అసలు కోరిక విన్యాసాలు కాదు. నల్లజాతి పిల్లలకు విమానం నేర్పే బడి పెట్టాలి. దానికి డబ్బు కావాలి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒక సినిమాలో హీరోయిన్‌గా చేయమని ఆమెను అడిగారు. సరే అన్నది. మొదటి సీనులోనే చినిగిన బట్టలు కట్టుకొని, చేతిలో కర్ర, వీపున మూటతో పట్నం వచ్చిన తెలివి లేని పల్లెపిల్లలాగా నడవాలన్నారు. ఆమె చేయను అని వచ్చేసింది. ఆ సినిమా చేసి ఉంటే మంచి డబ్బు వచ్చేది. మన జాతి వాళ్ళను సినిమాల్లో ఎట్ల చూపిస్తరో మీకు తెలుసు, ఆకులు కట్టుకొని జింగుజింగు అని ఎగురుడు. కాబట్టి ఆమె చేసింది నాకు చాలా నచ్చింది. కానీ ఆ డబ్బు లేకపోవడం తర్వాత ఆమె ప్రాణం మీదికి వచ్చింది అని కూడా నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే డబ్బు లేనివాళ్ళకు పాత విమానమే దొరుకుతుంది. యుద్ధం అయిపోయినంక సైన్యం తన దగ్గర మిగిలిన కర్టిస్ జెన్నీ అనే విమానాలను అగ్గువకు అమ్మింది. బెస్సీ అట్లాంటిది ఒకటి కొన్నది. 1923 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలస్‌లో ప్రదర్శన పెట్టారు. వేలమంది మైదానంలో ఎదురుచూస్తున్నారు. ఆమె శాంటా మోనికా దగ్గర పైకి లేచింది. 300 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగిపోయింది.

టీచర్ దీన్ని ఇట్ల వివరించింది. విమానాన్ని పైన నిలబెట్టేది ఇంజన్ కాదు, రెక్కల మీదుగా పోయే గాలి. ఎత్తులో ఇంజన్ ఆగితే విమానం రాయిలెక్క పడదు. గద్ద రెక్కలు ఆడించకుండా జారినట్టు జారుతుంది. పైలట్‌కు మైదానం చూసుకునే టైము ఉంటుంది. 300 అడుగులు అంటే ఐదారు తాటిచెట్ల ఎత్తు. అక్కడ టైము ఉండదు. ముక్కు పైకి ఉండి వేగం తగ్గిపోతే రెక్కలకు గాలి పట్టు దొరకదు, విమానం కూలుతుంది. అందుకే ఎక్కువ ప్రమాదాలు లేచేటప్పుడు, దిగేటప్పుడు జరుగుతాయి.

బెస్సీ బతికింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. అక్కడికి వచ్చిన డాక్టరును, జనం చూస్తున్నారు, ఏదో ఒక కట్టు కట్టి పంపించు అని బతిమాలిందట. దవాఖానలో దగ్గర దగ్గర మూడు నెలలు ఉంది. నడవగలిగిన రోజే మళ్ళీ ఎగురుతా అని మంచం మీది నుంచే అందరికీ కబురు పంపింది.

విమానం పోయింది, డబ్బు పోయింది. మళ్ళీ నిలబడడానికి రెండేళ్ళు పట్టింది. 1925లో టెక్సాస్‌లో ప్రదర్శనలు మొదలుపెట్టింది. తను పత్తి ఏరిన వాక్సహాచీలో ప్రదర్శన పెట్టినప్పుడు తెల్లవాళ్ళకు ఒక గేటు, నల్లవాళ్ళకు ఒక గేటు అన్నారు. అట్లయితే విమానం ఎక్కను అన్నది. చివరికి అందరూ ఒకే గేటు నుంచి వచ్చారు. లోపల కూర్చునే చోటు మాత్రం వేరువేరుగానే ఉంచారు. సగమే గెలిచింది. అయినా ఆ ఊరిలో ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. ఫ్లోరిడాలో బడి కోసం డబ్బు కూడబెట్టడానికి ఒక బ్యూటీ షాపు కూడా పెట్టింది.

1926లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ పట్నంలో మే 1న ప్రదర్శనకు ఒప్పుకున్నది. ఆమె డల్లాస్‌లో ఇంకో పాత జెన్నీ కొన్నది. మిగిలిన డబ్బు కట్టడానికి ఒక ధనవంతుడు సాయం చేశాడు. విలియం విల్స్ అనే 24 ఏళ్ళ తెల్లజాతి మెకానిక్ దాన్ని డల్లాస్ నుంచి నడిపి తెచ్చాడు. దారిలో మూడుసార్లు చెడిపోయి మధ్యలోనే దించాల్సి వచ్చింది. అది చూసి బెస్సీ వాళ్ళు ఆ విమానం ఎక్కవద్దు అని చెప్పారు. ఆమె వినలేదు. ఇక్కడ నాకు కోపం వచ్చింది. మూడుసార్లు ఆగిన బండిని మా బాపు చేనుకు కూడా తీసుకపోడు. కానీ వేరే విమానం ఆమెకు ఎవరు ఇస్తరు? ప్రదర్శన ఆగితే బడి కూడా ఆగుతుంది.

ఏప్రిల్ 30 పొద్దున విల్స్, బెస్సీ ఇద్దరూ ఎక్కారు. విల్స్ నడుపుతున్నాడు. మర్నాడు ఆమె పారాచూట్‌తో దూకాలి, ఎక్కడ దిగాలో పైనుంచి చూసుకోవాలి. అంచు మీది నుంచి వంగి కిందికి చూడాలంటే బెల్టు అడ్డం. కాబట్టి ఆమె బెల్టు పెట్టుకోలేదు. పారాచూట్ కూడా వేసుకోలేదు, అది రేపటి పని. సుమారు పది నిమిషాలు ఎగిరినంక విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి వేసి దూసుకుపోయింది, గిర్రున తిరిగింది, బోల్తా పడింది. బెస్సీ బయటికి విసిరేయబడి నేల మీద పడి చనిపోయింది. విల్స్ విమానంతో పాటే నేలను తాకి చనిపోయాడు. తర్వాత అక్కడికి వచ్చిన ఒకతను సిగరెట్టు ముట్టించడంతో కారిన పెట్రోలు అంటుకొని విమానం కాలిపోయింది. ఆమెకు 34 ఏళ్ళు.

కాలిన విమానంలో వెతికితే ఒక పానా దొరికింది. మన దగ్గర బోరింగు బాగు చేసేవాళ్ళ చేతిలో ఉంటుంది చూడండి, అట్లాంటిది. ఇంజన్ బాగు చేసేటప్పుడు వాడిన పానాను లోపలే మరిచిపోయారు. అది జారి పోయి విమానాన్ని తిప్పే పళ్ళ చక్రాలలో ఇరుక్కున్నది. కర్ర ఎటు లాగినా విమానం వినలేదు.

నేను ఈ భాగం మూడుసార్లు చదివాను. పానా ఇరుక్కుంది. బెల్టు లేదు. పారాచూట్ లేదు. విమానం పాతది. ఒక్కటి కాదు, అన్నీ ఒక్కనాడే కలిసినయి. టీచర్ చెప్పింది కూడా అదే. ఇంజన్ చెడిపోవడం, వాతావరణం బాగా లేకపోవడం, పైలట్ పొరపాటు, రిపేరులో అజాగ్రత్త, ఇవి ముఖ్యమైన కారణాలు. చాలా ప్రమాదాలలో రెండు మూడు కలిసే వస్తాయట.

బెస్సీ చనిపోయిన 20 రోజులకు, అంటే 1926 మే 20న, అమెరికాలో మొదటి విమాన చట్టం వచ్చింది. ఆమె కోసం తెచ్చింది కాదు, అప్పటికే తయారవుతున్నది. పైలట్‌కు లైసెన్సు ఉండాలి, విమానాన్ని పరీక్ష చేయాలి, ప్రమాదం జరిగితే విచారణ చేయాలి అని అందులో పెట్టారు. ఇప్పుడు విమానాలు బాగు చేసే చోట ప్రతి పనిముట్టుకు పెట్టెలో దాని ఆకారం గీసిన ఖాళీ ఉంటుంది. పని అయినంక ఒక ఖాళీ నిండకపోతే, ఆ పనిముట్టు దొరికేదాక విమానాన్ని వదలరు. మన వంట అక్క రాత్రి గరిటెలు లెక్కపెట్టినట్టే.

నా రెండో ప్రశ్నకు జవాబు ఇది. అమెరికాలో ప్రమాదాలను విచారించే జాతీయ రవాణా భద్రతా బోర్డు 1983 నుంచి 2000 వరకు ఆ దేశపు ప్రయాణికుల విమానాలకు జరిగిన 568 ప్రమాదాలను లెక్క తీసింది. వాటిలో ఉన్నవాళ్ళు 53,487 మంది. బతికినవాళ్ళు 51,207 మంది. నేను భాగించి చూసిన, నూటికి 95.7 వచ్చింది. అందులో చిన్న చిన్న ప్రమాదాలే ఎక్కువ అనుకోండి. నిప్పు అంటుకొని విమానం నాశనమైన పెద్ద ప్రమాదాలు విడిగా తీస్తే కూడా సగం కంటె ఎక్కువ మందే బతికారు. గుట్టకు కొట్టుకుంటే, ఎత్తు నుంచి నిలువుగా పడితే బతకడం చాలా కష్టం. రన్‌వే మీద అయితే బెల్టు పెట్టుకొని ఉండి, వెంటనే దిగితే బతుకుతారు. 2024 జనవరి 2న టోక్యోలో జపాన్ విమానం దిగుతూ రన్‌వే మీద ఇంకో చిన్న విమానానికి గుద్దుకొని మొత్తం కాలిపోయింది. అందులోని 379 మంది సంచులు వదిలిపెట్టి దిగి అందరూ బతికారు. చిన్న విమానంలో ఉన్న ఆరుగురిలో మాత్రం ఐదుగురు చనిపోయారు.

బెస్సీకి షికాగోలో అంత్యక్రియలు జరిగినప్పుడు వేలమంది వచ్చారు. తెల్లవాళ్ళ పత్రికలు మాత్రం ఎక్కువగా విల్స్ గురించే రాశాయి. ఆమె బడి పెట్టకుండానే పోయింది. కానీ 1929లో విలియం పవెల్ అనే ఆయన లాస్ ఏంజిలస్‌లో బెస్సీ కోల్‌మన్ పేరుతో విమాన క్లబ్బు పెట్టి నల్లజాతి వాళ్ళకు నేర్పించాడు, ఆడవాళ్ళకు కూడా. 1992లో మే జెమిసన్ అంతరిక్షంలోకి పోయిన మొదటి నల్లజాతి స్త్రీ అయ్యింది. పోయేటప్పుడు బెస్సీ ఫోటో వెంట తీసుకుపోయింది.

నాకు కూడా విమానం నేర్చుకోవాలని ఉంది. మా అవ్వకు ఇంకా చెప్పలేదు. చెప్తే పడిపోతవు అంటది. అప్పుడు 95.7 లెక్క చూపిస్త, పానా సంగతి కూడా దాచకుండ చెప్త.

2023లో అమెరికా ప్రభుత్వం బెస్సీ బొమ్మతో పావు డాలర్ బిళ్ళ తెచ్చింది. ఆమె ఆకాశం వైపు చూస్తూ ఎగరడానికి తయారవుతూ ఉంటుంది. దాని మీద ఒక తేదీ ఉంది. 1921 జూన్ 15, లైసెన్సు వచ్చిన రోజు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని